తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

కొలువులో కష్టసుఖాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే దారి పట్టాయి. పనివాళ్ళు నిలవడం లేదని ఒకరు, పదకొండేళ్ళు నిలిచిపోయినందుకే బాధగా ఉందని ఒకరు, ఇంత చేసినా విశ్వాసం లేదని ఇంకొకరు రాశారు. కొత్త పాఠకులకు నా సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో 31 ఏళ్ళు వెల్ఫేర్ ఆఫీసరుగా చేశాను. 500 మంది, అంతకు పైన పనిచేసే ఫ్యాక్టరీలో ఇలాంటివాడు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో రాసి ఉండేది కాబట్టి నన్ను పెట్టుకున్నారు. మొదటి రెండేళ్ళు నా పనేమిటో వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు.

ప్రశ్న: మాది రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్. అరవై మిషన్లు. తొమ్మిదేళ్ళు టైలరుగా చేసి, మూడేళ్ళ కిందట లైన్ సూపర్‌వైజర్ అయ్యాను. ఓనరు మంచివాడే. దసరాకు బోనస్ ఇస్తాడు. పోయిన ఏడు పీసు రేటు (ప్యాంటుకు ఇంతని ఇచ్చే కూలి) కూడా పెంచాడు. అయినా నెలకు ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు మానేస్తున్నారు. కొందరు బళ్ళారికి, కొందరు బెంగళూరుకు. అడిగితే పెళ్ళి అంటారు, ఇంట్లో బాగలేదంటారు. బాత్‌రూముకు పోతే పావుగంట రారని దాని తాళం చెవి కూడా నా దగ్గరే పెట్టుకున్నాను. అయినా టార్గెట్ అందడం లేదు. ఇంకో రూపాయి పెంచితే నిలుస్తారా?
– ఒక సోదరి, రాయదుర్గం

జవాబు: అమ్మా, మీరు నాలుగు పేజీలు రాశారు. చోటు చాలక కుదించాను కానీ ఆ తాళం మాట మాత్రం మీరు రాసినట్టే వేశాను. మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

ముందు డబ్బు సంగతి. బళ్ళారిలో అదే ప్యాంటుకు ఎక్కువ కూలి వస్తోందా అని కనుక్కోండి. వస్తుంటే ఆ తేడా సరిచెయ్యాల్సిందే, అక్కడ నా సలహాలేవీ పనిచెయ్యవు. కడుపు నిండని చోట ఎవరైనా ఎందుకు ఉంటారు? కానీ బోనస్ ఇచ్చినందుకు వాళ్ళు నిలవాలంటే మాత్రం కుదరదు. సంవత్సరం జీతంలో కనీసం 8.33 శాతం బోనస్ ఇవ్వాలన్నది చట్టం. ఓనరు దయగా ఇస్తున్నాడని మీరు అనుకున్నా, మిషన్ ముందు కూర్చున్న పిల్లలు అనుకోరు.

ఈ సంగతిని అమెరికాలో రాబర్ట్ ఐసెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన తోటివాళ్ళతో కలిసి 1986లో రాశాడు. ఎవరైనా ఒకచోట కొన్నాళ్ళు పనిచేస్తే ఆ సంస్థను ఒక మనిషిలాగా చూడటం మొదలుపెడతారట. 'నా పనికి వీళ్ళ దగ్గర విలువ ఉందా? నా మంచిచెడ్డలు వీళ్ళకు పడతాయా?' అని మనసులో ఒక ఖాతా తెరుస్తారు. చట్టం ఉందని ఇచ్చినవీ, యూనియన్ మెడమీద కూర్చుంటే ఇచ్చినవీ ఆ ఖాతాలో సరిగా జమపడవు. ఇవ్వకపోయినా అడిగేవాడు లేనప్పుడు ఇచ్చినవే జమ. ఇంకొక సంగతి కూడా వాళ్ళ పరిశోధనల్లో తేలింది. పనివాళ్ళకు సంస్థ అంటే తమ నెత్తిమీద ఉన్న సూపర్‌వైజరే. మీ ఓనరు రోజుకు ఎంతసేపు లైన్ దగ్గర నిలబడతాడు? వాళ్ళ లెక్కలో కంపెనీ అంటే మీరే తల్లీ.

ఇప్పుడు ఆ తాళం దగ్గరికి రండి. ఇరవై ఏళ్ళ పిల్ల మిషన్ మీద నుంచి లేవాలి. సగం కుట్టిన బండిల్ పక్కన పెట్టాలి. మగ హెల్పర్లు ప్యాంట్లు మోసుకెళ్ళే సందులో నడిచి మీ టేబుల్ దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా చెయ్యి చాచాలి. 'ఇప్పుడే కదా పోయొచ్చింది' అని మీరు అనకపోయినా మీ చూపు అంటుంది. నెలలో ఆ నాలుగు రోజులూ పూటకు రెండుసార్లు చాచాలి. చాలామంది చాచరు. దానికి బదులు నీళ్ళు తాగడం మానేస్తారు. మే నెలలో, రేకుల కప్పు కింద, రాయదుర్గంలో. ఒంటేలుకు పోతే మంట మొదలవుతుంది, రెండు రోజులు సెలవు పెడతారు, పీసు రేటు కాబట్టి ఆ రెండు రోజుల కూలీ పోతుంది. మూడోసారి ఇలా జరిగాక ఇంట్లో వాళ్ళ అమ్మ అంటుంది, 'ఇంక చాల్లే, యాడన్నా వేరే చూసుకుందువు' అని. మీకు మాత్రం పెళ్ళి కుదిరిందని చెబుతారు. నేను ఊహించి రాస్తున్నాను, మీరు ఊహించే పని లేదు. తొమ్మిదేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నారు. అప్పట్లో తాళం ఎవరి దగ్గర ఉండేది?

మా ఫ్యాక్టరీలో రాజీనామా కాగితాల మీద అందరూ ఒకటే రాసేవాళ్ళు, 'నా స్వంత కారణాల వల్ల' అని. నాకు ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. మానేసినవాడితో గేటు బయట టీ బంకు దగ్గర ఒక గ్లాసు టీ తాగి, వాడు చెప్పిన అసలు కారణం అందులో రాసుకునేవాణ్ణి. జీతం అని చెప్పినవాళ్ళు ఉన్నారు, లేకపోలేదు. కానీ ప్యాకింగ్ ప్లాంటు వాళ్ళు ఎక్కువగా చెప్పింది డ్యూటీ చార్టు గురించి. వచ్చే వారం ఏ షిఫ్టో శనివారం రాత్రి ఎనిమిదికి నోటీసు బోర్డు మీద అంటించేవాళ్ళు. ఆదివారం చెల్లెలి నిశ్చితార్థం ఉన్నవాడికి శనివారం రాత్రి దాకా తాను పోతాడో లేదో తెలియదు. ఒకతను నాతో అన్నాడు, 'సార్, మా ఇంట్లో శుభకార్యానికి ముహూర్తం పంతులు పెట్టడు, మీ టైమాఫీసు పెడుతుంది.'

నేను పోయి జనరల్ మేనేజరుతో మాట్లాడాను. నెల మొత్తానికి చార్టు ముందు నెల 25వ తేదీకే అంటించాలని ఒప్పించాను. ఒక్క పైసా ఖర్చు లేదు. నెల తిరిగేసరికి మనుషుల ముఖాలు మారాయి. ఇక్కడితో ఆపితే నాకు గొప్పగా ఉంటుంది. కానీ మూడో నెలలో కిల్న్ (సున్నపురాయి కాల్చే పెద్ద కొలిమి) రిపేరు వచ్చింది, చార్టు మార్చారు. నాలుగో నెలలో ఎవరో సెలవు పెట్టారని మార్చారు. ఆ తర్వాత అలవాటైపోయింది. 25న అంటించిన కాగితం మీద ఎర్ర సిరాతో గీతలు. ఈసారి జనం వెనకటికంటే ఎక్కువ మండిపడ్డారు, ఎందుకంటే ఈసారి నమ్మారు. అందుకే మీకు ఒక హెచ్చరిక. చివరిదాకా నిలబెట్టలేని సౌకర్యమైతే మొదలే పెట్టకండి.

మీ పిల్లలకు కుట్టుపని అంటే ఇష్టం లేదని మాత్రం అనుకోకండి. బళ్ళారి పోయి వాళ్ళు చేసేదీ కుట్టుపనే. పని మీద తృప్తి వేరు, పనిచేసే చోటితో ముడి వేరు. జేబు కుట్టు తీరుగా పడితే కలిగే సంతోషం ఆ పిల్ల చేతుల్లో ఉంటుంది, ఎక్కడికి పోయినా వెంటే పోతుంది. చోటితో ముడి వేసేది మీరే, విప్పేదీ మీరే.

చెయ్యాల్సిందేమిటంటే, ఆ తాళం చెవి తీసి ఆడవాళ్ళ వైపు గోడకు ఒక మేకు కొట్టి తగిలించండి. ప్రకటన చెయ్యకండి, చప్పట్లు కొట్టించుకోకండి. ఒక నెలపాటు ఎవరు ఎంతసేపు పోయారో లెక్కపెట్టకండి. ఇది మీకు కష్టం, తెలుసు. మొదటి వారం ఒకరిద్దరు నిజంగానే పావుగంట కూర్చుంటారు, ఫోన్ చూసుకుంటారు. ఓర్చుకోండి. తర్వాత కరెంటు పోయినప్పటి సంగతి చూడండి. పీసు రేటు మీద ఉన్నవాళ్ళు ఊరికే కూర్చున్న ఆ గంటకు ఎంతో కొంత కట్టివ్వమని ఓనరును అడగండి. వేసవిలో అది నెలకు ఎన్ని గంటలవుతుందో మీరే ముందు రాసిపెట్టుకుని పోతే ఆయన వింటాడు.

ఇంకొకటి, దీనికి జవాబు నాకు రాయండి. ఆ తాళం మీ చేతికి ఎలా వచ్చింది? ఓనరు టార్గెట్ గురించి మిమ్మల్ని పదిమందిలో నిలబెట్టి అడిగిన మర్నాడేనా? నాకెందుకో అలాగే అనిపించింది. పైనుంచి దన్ను లేని సూపర్‌వైజరు కిందివాళ్ళకు దన్ను ఇవ్వలేదు, ఇవ్వమనడం కూడా అన్యాయం. ఈ పత్రిక పట్టుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టండి. ఊరి పేరే వేశాను, మీ పేరు వెయ్యలేదు.

ప్రశ్న: కడపలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పదకొండేళ్ళుగా స్టాఫ్ నర్సును. పోయిన నెల వార్షికోత్సవంలో 'నిబద్ధతకు మారుపేరు' అని నాకు శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది. నేను ఇక్కడ ఉన్నది ఇష్టంతో కాదు. రోగులంటే ప్రాణం, కానీ పొద్దున ఆ గేటు చూస్తే కడుపులో దేవినట్టుంటుంది. ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటి లోను. మానేస్తే గ్రాట్యుటీ, పీఎఫ్ అన్నీ పోతాయని అకౌంట్స్‌లో చెప్పారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి. నేను మోసం చేస్తున్నట్టా?
– ఒక నర్సు, కడప

జవాబు: మోసం ఏమీ లేదు తల్లీ. శాలువా కప్పినవాళ్ళు హాజరు పట్టీ చూసి కప్పారు. మనిషి ఎందుకు వస్తోందో ఆ పట్టీలో ఉండదు.

కెనడాలో జాన్ మేయర్, నటాలీ ఆలెన్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో ఇదే విడదీసి చెప్పారు. కొలువులో నిలిచిపోవడానికి మూడు రకాల కారణాలుంటాయి. ఇష్టమై ఉండటం ఒకటి. పోతే నష్టపోతానని ఉండటం రెండోది. నన్ను చదివించారనో, కష్టకాలంలో ఆదుకున్నారనో, పోవడం ధర్మం కాదని ఉండటం మూడోది. ఒకే మనిషిలో మూడూ కొంచెం కొంచెం కలిసి ఉండొచ్చు. తర్వాత జరిగిన చాలా పరిశోధనల్లో తేలింది ఏమంటే, మొదటి రకంవాళ్ళు పని బాగా చేస్తారు, సెలవులు తక్కువ పెడతారు, వాళ్ళకు టెన్షన్ కూడా తక్కువ. రెండో రకంవల్ల మనిషి కుర్చీలో ఉంటుంది కానీ పని మెరుగుపడదు. మీ పని మాత్రం బాగానే ఉంది, ఎందుకంటే అది నడుస్తున్నది రోగుల మీది ప్రేమతో. ఆస్పత్రివాళ్ళు దాన్ని తమ ఖాతాలో రాసుకుని శాలువా కప్పారు.

మీరు రెండో రకంలో ఉన్నారు. అయితే ఆ భయంలో సగం ఉత్త గాలి. అకౌంట్స్‌లో మీకు చెప్పింది తప్పు. కావాలని చెప్పారో, తెలియక చెప్పారో నాకనవసరం. గ్రాట్యుటీకి, అంటే కొలువు వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే సొమ్ముకు, 5 ఏళ్ళు నిండితే చాలు, మీ అంతట మీరు రాజీనామా చేసినా అది మీ హక్కు. చివరి నెల బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపిన మొత్తాన్ని 15తో గుణించి 26తో భాగిస్తే ఒక ఏడాదికి ఎంతో వస్తుంది. ఉదాహరణకు మీ బేసిక్, డీఏ కలిపి 13,000 అనుకోండి. ఏడాదికి 7,500. పదకొండేళ్ళకు 82,500. మీ అసలు జీతం వేసి ఇప్పుడే ఒక కాగితం మీద లెక్క కట్టండి. పీఎఫ్ కూడా ఎక్కడికీ పోదు. యూఏఎన్ అని మీ పేరున ఉండే పీఎఫ్ నంబరు మీద ఉంటుంది, కొత్త కొలువుకు బదిలీ అవుతుంది. ఉద్యోగుల పింఛను పథకంలో మీ పేరుండి 10 ఏళ్ళ సర్వీసు నిండి ఉంటే 58 ఏళ్ళకు పింఛను కూడా వస్తుంది. పాస్‌బుక్ తెరిచి ప్రతి నెలా సొమ్ము పడిందో లేదో చూసుకోండి, ముఖ్యంగా మొదటి రెండేళ్ళది.

సర్టిఫికెట్లు మీవి. ఫలానా పనికి కావాలని ఒక అర్జీ రాసి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ పెట్టించుకోండి. పది రోజులు ఆగి మళ్ళీ ఒకటి రాయండి. దానికీ పలకకపోతే ఆ కాగితాలు పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకు పోవచ్చు. గొడవ పెట్టుకోమని అనడం లేదు. తీసుకొచ్చి మీ ఇంటి బీరువాలో పెట్టుకోండి, అంతే. మానేయాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచించండి. మా ఫ్యాక్టరీలో ఇలాంటి లెక్క కట్టించుకుని పోయినవాళ్ళు కొందరున్నారు. లెక్క చూసుకున్నాక, పోవాలనుకుంటే పోగలననే ధైర్యంతో మనసు తేలికపడి అక్కడే రిటైరైనవాళ్ళు ఇంకా ఎక్కువమంది.

గేటు చూస్తే కడుపులో దేవడం అన్నది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఏ రోజుల్లో ఎక్కువ, ఎవరి డ్యూటీలో ఎక్కువ అన్నది ఒక నెల రాసిపెట్టి నాకు మళ్ళీ రాయండి.

ప్రశ్న: తాడిపత్రిలో నాపరాళ్ళ పాలిష్ యూనిట్ నాది. ఎనిమిది మంది పనివాళ్ళు. మా మేస్త్రీ కూతురి పెళ్ళికి 40,000 అడ్వాన్సు ఇచ్చాను, వడ్డీ లేదు. ఆ సంగతి మిగతావాళ్ళ ముందు తరచూ చెప్పేవాణ్ణి, వాళ్ళకూ బుద్ధి వస్తుందని. రెండేళ్ళలో అంతా కట్టేసి పక్క యూనిట్‌కు పోయాడు, రోజుకు యాభై రూపాయలు ఎక్కువని. ఈ కాలంలో విశ్వాసం అనేది ఉందా సార్?
– ఒక యజమాని, తాడిపత్రి

జవాబు: ఉంది. అప్పు మొత్తం తీర్చాకే పోయాడని మీరే రాశారు.

మీరిచ్చినది మంచి మనసుతోనే ఇచ్చారు, వడ్డీ లేకుండా ఇచ్చారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ పదిమందిలో చెప్పిన ప్రతిసారీ అది సాయం నుంచి కొంచెం కొంచెం పలుపుతాడుగా మారింది. అతను రెండేళ్ళూ కడుతున్నది బాకీ ఒక్కటే కాదు, ఆ మాటల నుంచి విడుదల కూడా. ఇదివరకు మన సీమలో అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టేసుకునే పద్ధతి ఉండేది. అప్పు పేరుతో పనికి కట్టేసుకోవడాన్ని 1976లో చట్టం చేసి రద్దు చేశారు. మీది అలాంటిది అనడం లేదు. కానీ పనివాళ్ళ ఇళ్ళల్లో తాతల నాటి జ్ఞాపకం ఒకటి ఉంటుంది, అడ్వాన్సు అన్న మాట వినగానే అది లేస్తుంది.

యాభై రూపాయల గురించి. పోయే ముందు అతను మిమ్మల్ని పెంచమని అడిగాడా? అడగలేదంటే, అడిగితే 40,000 గుర్తుచేస్తారని అడగలేదు. మిగిలిన ఏడుగురూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా రాతి బురద నీళ్ళలో నిలబడతారు కదా. వాళ్ళ కాళ్ళు ఒకసారి చూడండి. వేళ్ళ సందులు తెల్లగా పాచి ఉంటాయి. ఏడు జతల రబ్బరు బూట్లు కొనిపెట్టండి. కొన్నాక దాని గురించి మళ్ళీ ఎత్తకండి.

ప్రశ్న: ఊళ్ళో వాళ్ళకు ఇన్ని చెబుతారు, మీరు 31 ఏళ్ళు ఒకే ఫ్యాక్టరీలో ఎలా ఉన్నారు? ఇష్టంతోనా, విధిలేకనా? నిజం చెప్పాలి.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పోయిన నెల మీ ఉత్తరం దాటవేశాను. పైన నర్సమ్మకు అంత పెద్ద జవాబు రాశాక దాటవేస్తే బాగుండదు.

1993లో హైదరాబాదులో ఒక కంపెనీవాళ్ళు నాకు ఇంతకంటే ఎక్కువ జీతానికి అపాయింట్‌మెంట్ ఉత్తరం పంపారు. వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను, పోలేదు. అప్పటికి నాకు ఫ్యాక్టరీ మీద ప్రేమ ఏమీ లేదు. ప్రేమ అనదగ్గది ఏదైనా ఉంటే, నా నోటుపుస్తకంలో సంగతులను మీటింగులో చదవమన్న ఒక వర్క్స్ మేనేజరు వచ్చాక మొదలైంది. అది చాలా ఏళ్ళ తర్వాత. ఆయన అన్నీ చెయ్యలేదు, చెయ్యనివాటికి ఎందుకు చెయ్యలేకపోతున్నాడో నన్ను పిలిచి చెప్పేవాడు. ఆ ఏళ్ళలో పొద్దున ఎనిమిది గంటల సైరన్‌కు ముందే ఆఫీసులో ఉండేవాణ్ణి, ఎవరూ రమ్మనకపోయినా.

ఇంతకీ ఆ హైదరాబాదు కంపెనీ నాలుగేళ్ళకే మూతపడింది. నేను ముందుచూపుతో ఆగిపోయానని పిల్లలకు ఇప్పటికీ చెప్పుకుంటుంటాను. మా ఆవిడ ఊరుకోదు, వంటింట్లోంచే అందుకుంటుంది. 'ముందుచూపూ లేదు, వెనకచూపూ లేదు. క్వార్టర్స్‌లో కొళాయికి రెండు పూటలా నీళ్ళొస్తా ఉండె, అందుకని ఆగినాము.'